డీజిల్ తోస్తుంది, పెట్రోల్ పరిగెత్తిస్తుంది: రెండూ ఏళ్ల తరబడి నడిపాక

నాలుగేళ్లు డీజిల్ సెడాన్ నడిపాను. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, 245 హార్స్‌పవర్, 520 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. దాన్ని అమ్మేసి రెండేళ్లుగా రెండు లీటర్ల టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే పంపు) పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను, దానికీ 245 హార్స్‌పవరే, టార్క్ మాత్రం 370. రెండూ ఆరు గేర్ల మాన్యువల్. మధ్యలో స్నేహితుడు తన పాత రోడ్‌స్టర్‌ని (పైకప్పు తెరిచే రెండు సీట్ల కారు) నెల రోజులు నా దగ్గర వదిలి వెళ్లాడు, అది టర్బో లేని పెట్రోల్. కాబట్టి "స్పోర్టీ బండి తీసుకుందామనుకుంటున్నా, డీజిలా పెట్రోలా?" అని ఎవరైనా అడిగితే నా కాళ్లకీ చేతులకీ తెలిసిన జవాబే చెబుతాను. మైలేజీ, మెయింటెనెన్స్ లెక్కలు ఇక్కడ పెద్దగా వేయను. నడుపుతుంటే ఏది ఆనందం, అంతవరకే.

నా ఓటు పెట్రోల్‌కి. డీజిల్‌ని నాలుగేళ్లు మనస్ఫూర్తిగా ఇష్టపడిన మనిషి చెబుతున్న మాట ఇది, కాబట్టి ముందు దానికి దక్కాల్సినది దానికి ఇచ్చేస్తాను.

పెద్ద డీజిల్ మొదటిసారి నడిపినవాళ్లెవరైనా ఆ తోపుకి పడిపోతారు. నాలుగో గేర్‌లో 80 మీద వెళ్తున్నారు, ముందు లారీ, ఎదురు రోడ్డు ఖాళీ. గేరు మార్చనక్కర్లేదు, పెడల్ సగం తొక్కితే చాలు, ఇంజిన్ తిరుగుళ్లు చూపే ముల్లు 2,000 దగ్గరే ఉంటుంది కానీ వెనక నుంచి ఎవరో పెద్ద చెయ్యి పెట్టి నెట్టినట్టు బండి ముందుకు పోతుంది, మీరు లారీ సంగతి ఆలోచించేలోపే అది అద్దంలో చిన్నదైపోతుంది. ఇంజిన్ అరవదు, పక్క సీట్లో నిద్రపోతున్న మనిషి లేవరు. ఈ సుఖాన్ని పెట్రోల్ వాళ్లు తేలిగ్గా తీసేస్తుంటారు, అది అన్యాయం. రాత్రిపూట నాలుగైదు వందల కిలోమీటర్ల దూరాన్ని అలసట లేకుండా, వేగంగా దాటడానికి ఇంతకంటే మంచి ఇంజిన్ నేను నడపలేదు. ట్యాంకు నింపితే తొమ్మిది వందల కిలోమీటర్ల దాకా మళ్లీ బంకు వైపు చూసే పని ఉండేది కాదు, ఇప్పుడు పెట్రోల్‌లో ఐదు వందలు దాటాక వెతుక్కుంటున్నాను.

తేడా తెలిసింది కొండ రోడ్డు మీద.

హెయిర్‌పిన్ మలుపు, వేగం 30కి పడింది, రెండో గేర్‌లో ఉన్నారు. నా డీజిల్ నిజంగా ఉత్సాహంగా లాగేది 1,800 నుంచి 4,200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరుగుళ్లు) దాకా. కింద టర్బో ఇంకా లేవదు, పైన ఊపిరి ఆడదు. అంటే ఒక గేర్‌లో కింది కొసకీ పై కొసకీ మధ్య 2.3 రెట్లే జాగా. పెట్రోల్‌లో అదే 1,800 నుంచి 6,500 దాకా, 3.6 రెట్లు. రెండు బండ్లలోనూ రెండో గేరు పై కొస సుమారు 90 దగ్గర వస్తుందనుకోండి, డీజిల్ ఆ గేర్‌లో మేలుకునేది 39 దగ్గర, పెట్రోల్ మేలుకునేది 25 దగ్గర. మలుపులో మీరున్నది 30 మీద. పెట్రోల్ అప్పటికే 2,100 దాటి తిరుగుతూ మీ పాదం కోసం ఎదురుచూస్తుంటుంది. డీజిల్ 1,400 దగ్గర ఉంటుంది, తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, స్టీరింగ్ నిటారు అవుతుండగా 520 న్యూటన్ మీటర్లూ ఒక్కసారిగా వచ్చి పడతాయి, వెనక టైర్లు జారతాయి, టైర్ల జారుడుని అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ లైటు మినుకుమంటుంది, సర్దుకునేలోపు 4,200 వచ్చేసింది, మూడో గేరు వెయ్యాలి. మొదటి గేర్‌కి దింపుదామంటే అది మరీ పొట్టి, లేచీ లేవగానే అయిపోతుంది. ఇలా పది మలుపులు తిరిగేసరికి బండి నా మాట వినడం లేదని కాదు గానీ, ప్రతిసారీ ఒక మాట ఆలస్యంగా వింటోందని అనిపించేది. నాలుగేళ్లలో దీన్ని దాటడానికి ఎన్నో నేర్చుకున్నాను: మలుపు మధ్యలోనే పెడల్ మీద కొంచెం బరువు పెట్టి టర్బోని ముందే లేపి ఉంచడం, గేరు అర సెకను ముందే మార్చడం. బాగా నడిపినప్పుడు డీజిల్ కూడా కొండ రోడ్డు మీద చాలా వేగంగా పోతుంది. కానీ ఆ నైపుణ్యమంతా ఇంజిన్ లోటుని కప్పడానికే పోయేది.

ఎనిమిది గేర్ల మంచి ఆటోమేటిక్ ఉంటే ఈ సమస్య సగానికి సగం తగ్గుతుంది, పెద్ద డీజిల్ పెర్ఫార్మెన్స్ కార్లన్నీ దాదాపు ఆటోమేటిక్‌లోనే వచ్చింది అందుకే. మీరు ఆటోమేటిక్ మనిషైతే పై పేరా బరువు సగం తీసేసి చదువుకోండి.

ఇక టార్క్ గురించి. "డీజిల్‌కి టార్క్ ఎక్కువ, కాబట్టి అదే అసలైన పవర్" అనే వాదన చాలాసార్లు విన్నాను, ఒకప్పుడు నేనూ అన్నాను. చక్రం దగ్గరికి చేరేది ఇంజిన్ టార్క్ ఒక్కటే కాదు, దాన్ని గేరు ఎన్ని రెట్లు చేసిందన్నది కూడా లెక్కే. ఒకే వేగంలో పెట్రోల్ 6,000 తిరుగుతుంటే డీజిల్ 4,000 తిరుగుతోంది అనుకుంటే, పెట్రోల్‌కి ఒకటిన్నర రెట్లు పొట్టి గేరు, అంటే టార్క్‌ని అన్ని రెట్లు ఎక్కువ చేసే గేరు, పెట్టుకునే వీలుంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఏడో తరంలో దీన్ని పక్కపక్కన చూడొచ్చు. జీటీడీ డీజిల్‌కి 380 న్యూటన్ మీటర్లు, 184 హార్స్‌పవర్. జీటీఐ పెట్రోల్‌కి 350 న్యూటన్ మీటర్లు, 220 హార్స్‌పవర్. బాడీ అదే, ఇంజిన్ సైజు అదే రెండు లీటర్లు. టార్క్ తక్కువున్న జీటీఐ నిలబడ్డ చోటు నుంచి 6.5 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటే టార్క్ ఎక్కువున్న జీటీడీకి 7.5 పట్టింది. ఆ 350ని జీటీఐ 1,500 నుంచి 4,400 దాకా పట్టుకుని ఉంటుంది, జీటీడీ తన 380ని 1,750 నుంచి 3,250 దాకా మాత్రమే. బ్రోచర్‌లో టార్క్ అంకె పక్కనే ఆ రేంజ్ కూడా రాసి ఉంటుంది, అది చదవకుండా ఏ డీజిల్‌నీ మెచ్చుకోకండి, ఏ పెట్రోల్‌నీ తీసిపారెయ్యకండి.

డీజిల్ ఎందుకు పైకి తిరగదో తెలిస్తే దాని మీద కోపం కూడా రాదు. పెట్రోల్‌లో ఇంధనం, గాలి ముందే కలిసి ఉంటాయి, స్పార్క్ పడగానే మంట చకచకా పాకుతుంది. డీజిల్‌లో గాలిని పదిహేను, పదహారు రెట్లకి నొక్కి వేడెక్కించి, అందులోకి ఇంధనాన్ని చిమ్ముతారు, చిమ్ముతుండగానే కలవాలి, కలుస్తుండగానే మండాలి. దానికి టైం కావాలి. 4,500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైనుంచి కిందికి రావడానికి 6.7 మిల్లీసెకన్లు పడుతుంది, 9,000 దగ్గర అందులో సగం. పైగా ఆ ఒత్తిడి తట్టుకోవడానికి పిస్టన్, రాడ్, క్రాంక్ అన్నీ బలంగా, బరువుగా ఉండాలి, బరువైనదాన్ని వేగంగా తిప్పడం కష్టం. 1997లో ఆల్ఫా రోమియో 156 జేటీడీతో ప్యాసింజర్ కార్లలోకి కామన్ రైల్ (ఇంధనాన్ని ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో ఉంచి చిమ్మే పద్ధతి) వచ్చాక ఇంజెక్షన్ చాలా సున్నితమైంది, పాత టకటక చప్పుడు తగ్గింది, పవర్ పెరిగింది. పైకి తిరగడం విషయంలో మాత్రం అది డీజిలే.

ఆ బరువు ఇంకోచోట కూడా తెలుస్తుంది. మలుపులోకి తిరిగేటప్పుడు ముక్కు ఒక అడుగు వెడల్పుగా పోతుంది, ముందు టైర్ల మీద భారం ఎక్కువ కాబట్టి. నా రెండు బండ్ల మధ్య ఈ తేడా స్పష్టంగా ఉంది, కానీ ఒకటి సెడాన్, ఇంకొకటి హ్యాచ్‌బ్యాక్, తప్పంతా ఇంజిన్ మీద వేయలేను. గోల్ఫ్ లాంటి చిన్న కారులో రెండు ఇంజిన్ల మధ్య బరువు తేడా అంత పెద్దదేమీ కాదు.

పెడల్ వదిలినప్పటి సంగతి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం. పెట్రోల్ ఇంజిన్‌లో గాలిని ఆపే థ్రాటిల్ మూత ఉంటుంది, కాలు తీయగానే అది మూసుకుని ఇంజిన్ తనంతట తానే బండిని పట్టి లాగుతుంది. మలుపులో కొంచెం వదిలితే బరువు ముందుకొచ్చి ముక్కు లోపలికి తిరుగుతుంది, మళ్లీ కొంచెం తొక్కితే బయటికి. అంటే స్టీరింగ్‌తో పాటు కుడి పాదంతో కూడా బండిని తిప్పుతున్నారు. డీజిల్ పవర్‌ని గాలితో కాకుండా ఇంధనంతో సర్దుతుంది, గాలి దారి దాదాపు తెరిచే ఉంటుంది, కాబట్టి కాలు తీస్తే పట్టు మెత్తగా ఉంటుంది, బండి అలా పోతూనే ఉంటుంది. ఈ ఒక్క విషయం చాలు, దిగువకి దిగే రోడ్డు మీద బ్రేకులు ఎంత ఎక్కువ వాడాల్సి వచ్చేదో చెప్పడానికి.

శబ్దం దగ్గర పెద్ద వాదన అక్కర్లేదు, కానీ ఇష్టమైన విషయం కాబట్టి నాలుగు మాటలు. నాలుగు సిలిండర్ల డీజిల్ 4,500 దగ్గర సెకనుకి 150 సార్లు పేలుతుంది. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ వీ10 పెట్రోల్ 9,000 దగ్గర 750 సార్లు పేలుతుంది, అది ఎంత వేగంగా పైకి తిరుగుతుందంటే ముల్లు అందుకోలేదని దానికి డిజిటల్ మీటర్ పెట్టారు. డీజిల్ ఎగ్జాస్ట్‌లో టర్బో, ఫిల్టర్ రెండూ దాటి బయటికి వచ్చేసరికి పాట మిగలదు, అందుకే కొన్ని కంపెనీలు స్పోర్టీ డీజిళ్ల ఎగ్జాస్ట్‌లో స్పీకర్ లాంటిది పెట్టి గంభీరమైన గొంతు తెప్పించాయి. ఒకదాన్ని నడిపాను, మొదటి పది నిమిషాలు బాగుంది, తర్వాత అది నా పాదానికి కాకుండా కంప్యూటర్‌కి జవాబు చెబుతోందని చెవికి తెలిసిపోయింది. ఆరు సిలిండర్ల డీజిల్ అసలు గొంతు, ఏ స్పీకరూ లేకుండా, తక్కువ ఆర్‌పీఎంలో వచ్చే ఆ మందమైన గుర్రు, నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

"మరి రేసులు గెలిచిందిగా డీజిల్?" అంటారు. గెలిచింది, గట్టిగా గెలిచింది. 1998లోనే బీఎండబ్ల్యూ 320డీ నూర్‌బుర్గ్‌రింగ్ 24 గంటల రేసు గెలిచింది. 2006లో ఆడి ఆర్10 టీడీఐ ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు గెలిచింది, అక్కడ డీజిల్ గెలవడం అదే మొదటిసారి, ఐదున్నర లీటర్ల వీ12, 650 హార్స్‌పవర్ పైన. అప్పటి నుంచి 2014 దాకా తొమ్మిదేళ్లూ లె మాన్ డీజిల్‌దే, మధ్యలో 2009 ఒక్కటి పెజో 908 తీసుకుంది, చివరి మూడేళ్లు డీజిల్‌కి హైబ్రిడ్ తోడైంది. సియట్ లియోన్ టీడీఐ 2008, 2009లో వరల్డ్ టూరింగ్ కార్ టైటిళ్లు తెచ్చింది. 24 గంటల రేసులో తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోవడం, మలుపు నుంచి బలంగా బయటపడటం పెద్ద లాభాలు, రూల్స్ కూడా అప్పట్లో డీజిల్‌కి వేరే లెక్కలు ఇచ్చాయి. ఇవన్నీ చూసి నేను ఎంతో గర్వపడ్డాను, డీజిల్ కొనడానికి ఒక కారణం కూడా అదే. కానీ స్టాప్‌వాచ్ మెచ్చుకున్నది ప్రతిదీ ఆదివారం పొద్దున ఐదింటికి నన్ను మంచం మీంచి లేపలేదు.

రోడ్డు మీదికొచ్చిన డీజిళ్లలో ఇంజినీర్లు ల్యాగ్‌ని, అంటే టర్బో లేచేదాకా ఉండే ఆ ఆలస్యాన్ని, చంపడానికి చేసిన కృషికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి. 2012 బీఎండబ్ల్యూ ఎం550డీకి మూడు టర్బోలు, మూడు లీటర్ల నుంచే 381 హార్స్‌పవర్, 740 న్యూటన్ మీటర్లు. తర్వాత నాలుగు టర్బోల దాకా వెళ్లి 400 హార్స్‌పవర్ తీశారు. 2016 ఆడి ఎస్‌క్యూ7లో 48 వోల్టుల కరెంటుతో తిరిగే కంప్రెసర్ పెట్టారు, టర్బో లేచేదాకా ఆగకుండా అదే గాలి నింపుతుంది, 435 హార్స్‌పవర్, 900 న్యూటన్ మీటర్లు. పోర్షే పానమెరా 4ఎస్ డీజిల్ 422 హార్స్‌పవర్‌తో 285 కిలోమీటర్ల వేగం దాకా పోయేది. ఆ పోర్షేయే 2018లో డీజిల్‌కి పూర్తిగా స్వస్తి చెప్పింది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసం బయటపడ్డాక ఈ దారి ఎంత వేగంగా మూసుకుపోయిందో చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇంజిన్‌గా డీజిల్ అప్పుడే దాని మంచి వయసులోకి వచ్చింది.

ఇప్పుడు పెట్రోల్ అభిమానులకి నచ్చని మాట. ఈ రోజు అమ్ముడుపోతున్న టర్బో పెట్రోల్ సగం డీజిల్ అయిపోయింది. నా హ్యాచ్‌బ్యాక్ 1,600 దగ్గరే పూర్తి టార్క్ ఇచ్చేస్తుంది, 5,500 దాటాక లాగుతూనే ఉన్నా పెద్దగా కొత్తగా ఏమీ ఇవ్వదు, 6,500 దాకా తిప్పడం అలవాటు కోసమే. డీజిల్ నుంచి దీనికి మారిన మొదటి వారం నేను ఆశించినంత తేడా కనపడలేదు. రెండు లీటర్ల డీజిల్‌కీ, చిన్న టర్బో పెట్రోల్‌కీ మధ్య ఊగిసలాడుతున్నవాళ్లు రెండూ నడిపాకే నిర్ణయించుకోండి, పెట్రోల్ అనే పేరు చూసి మాత్రం కొనొద్దు.

అసలు తేడా ఆ పాత రోడ్‌స్టర్‌లో తెలిసింది. టార్క్ చూస్తే నా డీజిల్‌లో సగం కూడా లేదు. 3,000 దగ్గర తొక్కితే మామూలు బండే. 5,000 దాటాక గొంతు మారుతుంది, 6,000 దగ్గర స్టీరింగ్‌లో సన్నటి వణుకు మొదలవుతుంది, 7,000 దగ్గర ఇంకా ఇస్తూనే ఉంటుంది, గేరు మార్చాలంటే మనసొప్పదు. హోండా ఎస్2000 రెండు లీటర్ల ఇంజిన్ 9,000 దాకా తిరిగి, టర్బో లేకుండా 240 హార్స్‌పవర్ ఇచ్చేది, దాని టార్క్ 208 మాత్రమే, అదీ 7,500 దగ్గర. పోర్షే 911 జీటీ3 ఇప్పటికీ 9,000 తిరుగుతుంది. మాజ్డా ఎంఎక్స్-5 రెండు లీటర్ల ఇంజిన్‌ని 2018లో మార్చినప్పుడు రెడ్‌లైన్‌ని (ఇంజిన్ తిరగగల పై హద్దు) 6,800 నుంచి 7,500కి పెంచారు, ఆ 700 తిరుగుళ్ల కోసం పిస్టన్లు, రాడ్‌లు తేలిక చేశారు. ఇలాంటి ఇంజిన్‌లో వేగం మీరు సంపాదించుకున్నది. సరైన గేర్‌లో, సరైన చోట, సరైన క్షణంలో ఉంటేనే ఇస్తుంది, ఉన్నప్పుడు మాత్రం ఏదీ దాచుకోదు. డీజిల్ తన దగ్గరున్నదంతా మొదటి అరసెకనులో ఇచ్చేసి తర్వాత మౌనంగా ఉండిపోతుంది. నేను నాలుగేళ్లు వెతికినది ఈ మిగతా సగం.

మాటల్లో పడి డీజిల్ ఫిల్టర్ సంగతి వదిలేశాను, కొనేవాళ్లకి అవసరం. ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఆ ఫిల్టర్ తనని తాను శుభ్రం చేసుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి పుట్టాలంటే పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా వెళ్లాలి. ఒకసారి మూడు నెలలు రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగాను. హెచ్చరిక లైటు వెలిగింది, సర్వీస్ సెంటర్‌లో ముందు ఫిల్టరే మార్చాలన్నారు, నేను ఒప్పుకోకుండా హైవే మీద మూడో గేర్‌లో అరగంట నడిపితే లైటు ఆరిపోయింది. మీ రోజువారీ తిరుగుడు తక్కువైతే డీజిల్ పెర్ఫార్మెన్స్ కారు మీకు టెన్షనే మిగులుస్తుంది.

ఎవరికి ఏది? నెలకి రెండు మూడు వేల కిలోమీటర్లు, ఎక్కువ హైవే, కుటుంబంతో, ఆటోమేటిక్ చాలనుకుంటే ఆరు సిలిండర్ల డీజిల్ సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే వదలకండి, అది ఇచ్చే తృప్తి నిజమైనది. మలుపుల రోడ్డు దగ్గరుంటే, గేరు మార్చడం మీకు ఇష్టమైన పనైతే, పెట్రోల్. అందులోనూ టర్బో లేనిది దొరికితే హార్స్‌పవర్ యాభై తక్కువైనా అదే.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు షోరూం వాళ్లు తీసుకెళ్లే తిన్నని రోడ్డు మీద రెండూ గొప్పగానే ఉంటాయి. ఒక సందు మలుపు అడగండి. రెండో గేర్‌లో 30కి తగ్గించి, మలుపు మధ్యలో ఉండగా పెడల్‌ని పావు వంతు మాత్రమే, మెల్లగా తొక్కండి. బండి మీ పాదంతో పాటే కదిలిందా, ఒక క్షణం తర్వాత కదిలిందా చూడండి. తర్వాత అదే గేర్‌లో రెడ్‌లైన్ దాకా వెళ్లనిచ్చి, చివరి వెయ్యి తిరుగుళ్లలో మీ చెయ్యి గేరు రాడ్ వైపు ముందే వెళ్లిపోతోందా, ఇంకొంచెం ఆగుదామనిపిస్తోందా గమనించండి.